బోల్టులు ఇయ్యనన్న అక్క

పోయిన ఆదివారం పొద్దున మైపాడులో కారు కడుక్కుంటుంటే మా మెకానిక్ ఫోను చేసినాడు. "అన్నా, బోల్టులక్క పోయింది. చర్చికి తయారవతా కూలబడిందంట," అన్నాడు. చేతిలో పైపు అట్టే వదిలేసినాను. నీళ్ళు వీధిలోకి పోతున్నా కట్టాలని తోచలేదు.

నెల్లూరులో బండి బాగుచేయించుకున్న వాళ్ళలో ఆమె అసలు పేరు తెలిసినవాళ్ళు తక్కువ. బోల్టులక్క అంటే మాత్రం అందరికీ తెలుసు. మెకానిక్ షెడ్ల వీధిలో మంచం పట్టేంత కొట్టు. భర్త చనిపోయినాక ఆమే కూర్చుంది. మొదట్లో షెడ్ల వాళ్ళు వచ్చి, "మగోళ్ళెవురూ లేరా?" అని అడిగేవాళ్ళంట. "నీకు బోల్టు కావాల్నా, మగోడు కావాల్నా?" అనేదంట. ఆ సంగతి చెప్పి తనే నవ్వేది.

బోల్టును అరచేతిలో పెట్టుకుంటే చాలు, కొలత చెప్పేసేది. నట్టు ఎక్కించి వేలితో ఒక్కసారి తిప్పి వదిలేది. గిరగిరా దిగితేనే ఇచ్చేది, మధ్యలో ఆగితే పక్కన పడేసేది. కళ్ళజోడు ఎప్పుడూ నుదుటి మీదే. తన దగ్గర లేనిదానికి ఇంకోటి అంటగట్టడం ఆమెకు తెలీదు. "లేదని చెప్పడం కూడా యాపారమే అబ్బయ్యా," అనేది.

నాది పాత డీజిలు కారు. మైపాడు నుంచి నెల్లూరికి బాడుగకు తిప్పుతాను. మా వీధిలో ఒక పెద్దాయన ఉండేవాడు. జీవితమంతా సముద్రం మీద వేటకు పోయినోడు. కిడ్నీలు చెడి వారానికి రెండుసార్లు డయాలసిస్‌కు నా కారులోనే పోయేవాడు. మూడేళ్ళ కిందట ఒకరోజు కారు లాగడం మానేసింది. బానెట్టు కింద ఈల వేసినట్టు చప్పుడు. మెకానిక్ విప్పి చూసి, టర్బోను బిగించిన నాలుగు బోల్టుల్లో ఒకటి విరిగిందనీ, మిగతావి సాగిపోయినాయనీ అన్నాడు. ఇంజను వదిలే పొగంతా నిప్పులాంటి వేడితో ఆ టర్బోలోంచే పోతుంది. కంపెనీ బోల్టులు రావాలంటే రెండు వారాలన్నారు. పెద్దాయనకు ఎల్లుండే డయాలసిస్.

విరిగిన ముక్క పట్టుకుని అక్క దగ్గరికి పోయినాను. ఆమె వెనక డబ్బాలో అదే కొలత బోల్టులు కనపడతానే ఉన్నాయి.

"అయి ఇయ్యక్కా. తల మీద నంబరుంది గదా, గట్టివేగా."

"అది బలం నంబరు అబ్బయ్యా, వేడి నంబరు గాదు. చల్లగా ఉన్నప్పుడు ఏనుగునైనా మోస్తాది. కాలిందంటే సాగతాది. ఇయ్యను."

"ఎల్లుండి ఆ పెద్దాయన్ని తీసకపోవాలక్కా."

"అందుకే ఇయ్యను. ఈ నాలుగు రోజులు ఆటోలో పంపు. నేను వెతుకుతా."

నాకు కోపమొచ్చింది. డయాలసిస్ అయినాక మనిషి తోటకూర కాడలా వేలాడిపోతాడు. ఆ గుంతల దారిలో ఆటోలో ఎట్టా? ఇంకో కొట్టుకు పోయి అవే బోల్టులు కొన్నాను. మెకానిక్ గొణుగుతూనే బిగించినాడు.

రెండు ట్రిప్పులు బాగానే నడిచింది. మూడోసారి ఆసుపత్రి నుంచి తిరిగొస్తుంటే ఆ బోల్టులు సాగిపోయి కారు నిండా పొగ కమ్మింది. పెద్దాయన ఊపిరాడక దగ్గుతున్నాడు. ఎత్తుకుని రోడ్డు పక్క వేపచెట్టు కింద పడుకోబెట్టినాను. కాస్త తేరుకుని నా మణికట్టు పట్టుకున్నాడు. "ఏం గాలేదులేరా, సముద్రంలో ఇంతకన్నా చూసినాం," అన్నాడు. దారిన పోయే ఆటో ఆపి ఇంటికి చేర్చినాను.

మర్నాడు అక్క ముందు నిలబడి ఉన్నదంతా చెప్పేసినాను. తిడుతుందనుకున్నాను.

"ముందు ఆయన ఎట్టుండాడో చెప్పు," అంది.

బాగుండాడని చెప్పినాక కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుంది. "నువ్వొచ్చిపోయిన రోజు నుంచీ ఫోన్లు చేస్తానే ఉండా. నువ్వే మళ్ళీ రాలేదు. తడలో దొరకొచ్చంటున్నారు. రేపు పోదాం, కొట్టు మూసేస్తా."

బస్సులో పోయినాం. తమిళనాడు అంచునుండే తడలో ఫ్యాక్టరీలకు సామాను వేసే మొదటి కొట్టాయన తళతళలాడే స్టీలు బోల్టులు ముందు పోసినాడు. "ఎంత వేడికి ఆగుతాయో కాగితం చూపించు," అంది అక్క. కాగితం లేదు. లేచేసింది. ఎండలో మోకాలు పట్టుకుని నడిచి బాయిలర్లు బాగుచేసే షెడ్డుకు చేరినాం. ఆ యజమానితో సగం అరవం, సగం తెలుగు మాట్లాడింది. ఆవిరి పైపుల బిగింపుకు వాడే కడ్డీ ఆయన దగ్గరుంది, కాగితంతో సహా. కళ్ళజోడు ముక్కు మీదికి దించుకుని ఆ కాగితం చివరిదాకా చదివింది. ఆ కడ్డీ కోసి లేతు మీద నాలుగు బోల్టులకు మరలు తీస్తున్నంతసేపూ స్టూలు వేసినా కూర్చోలేదు. నాలుగింటిలో ఒకదాని మీద నట్టు ఆగింది. మళ్ళీ తీయించింది.

తిరుగు బస్సులో ఆ పొట్లం ఒళ్ళో పెట్టుకుని నెమ్మదిగా అంది: "మనం ఇచ్చిన బోల్టు మనకు మళ్ళీ కనపడదు అబ్బయ్యా. దాని మీద ఎవురు కూర్చోని పోతారో తెలీదు. అందుకే భయపడాల."

అవి ఈ రోజుకీ నా కారులోనే ఉన్నాయి. పెద్దాయన ఆ తర్వాత ఏడాదిన్నర బతికినాడు, బండి మూలంగా ఒక్క డయాలసిస్ కూడా తప్పలేదు. ఆసుపత్రికి పోయేటప్పుడల్లా అక్క కొట్టు ముందు కారు ఆపించి ఎండు నెత్తళ్ళ చేపల పొట్లం ఇచ్చేవాడు. ఆమె దాన్ని నట్ల డబ్బాల మధ్య పెట్టేది. కొట్టంతా కంపు కొడతాందని మెకానిక్కులు ముక్కు మూసుకుంటే, "మీ గ్రీసు కంపు కంటే నయమే," అనేది.

సోమవారం సమాధుల తోటలో పాస్టరుగారి ప్రార్థన అయినాక అందరూ వరసగా వచ్చి మన్ను వేసినారు. ఆ రోజు షెడ్లన్నీ మూసేసినారు. మెకానిక్కులందరూ తెల్లచొక్కాలు వేసుకుని వచ్చినారు. అంతా సబ్బుతో రుద్ది రుద్ది చేతులు కడుక్కున్నట్టున్నారు, అయినా గోళ్ళ చుట్టూ నలుపు పోలేదు. ఆ నల్లగోళ్ళ చేతులు ఒకదాని తర్వాత ఒకటి ముందుకు వచ్చి, పెట్టె మీద చప్పుడు కాకుండా, మెల్లగా మన్ను జారవిడుస్తూనే ఉన్నాయి.