పాటలో బావ కేక

మా అక్క మొగుడు, అంటే మా బావ, క్లారినెట్ వాయించేవాడు. నాది డోలక్. ఇద్దరం పెళ్లి ఊరేగింపుల్లో వాయించుకుంటూ ఉంటే, ఎవరో జానపద పాటల క్యాసెట్‌కు వాయించాలని కబురు పెట్టారు. విజయనగరం బస్సెక్కాం. స్టూడియో అంటే ఏదో అనుకున్నాం గానీ, అది బట్టల కొట్టు మీద ఒక గది. గోడలకు పరుపులు కొట్టి ఉన్నాయి. చప్పుడు పడుతుందని ఫ్యాన్ ఆపేశారు. చెమటలు కక్కుతూ అందరం ఒకేసారి వాయించాలి. ఒక్కరు తప్పినా మళ్లీ మొదటికి రావాల్సిందే.

బావతో వచ్చిన చిక్కేమిటంటే, ఊరేగింపులో జనం చిందులేస్తుంటే క్లారినెట్ నోట్లోంచి తీసి "హొయ్యా!" అని కేకెయ్యడం ఆయనకు అలవాటు. ఆ గదిలో చిందేసేవాడు ఒక్కడూ లేడు. అయినా రెండో చరణం అయ్యేసరికి ఆయనకు పూనకం వచ్చేసింది. తాను అందుకోవాల్సిన చోట క్లారినెట్ తీసేసి, "హొయ్యా!" అని అరిచాడు. ఇంకేముంది, పాటలో పెద్ద ఖాళీ. ఏం చెయ్యాలో తోచక, అరచేతులు మండేలా డోలక్ మోగించేశాను.

రికార్డింగు చేసే ఆయన తల పట్టుకుని "మళ్లీ తీద్దాం" అన్నాడు. పాడిన ఆవిడ రాజాం దగ్గర రైతు ఇంటి కోడలు. చెంగుతో మొహం తుడుచుకుని లేచి నిలబడింది.

"మళ్లీ నేదు, గిళ్లీ నేదు. రేపు మాకు వరి ఊడుపులు. బస్సు ఎలిపోతాది. ఆ కేక ఉంటే ఏటైపోతాది, ఉండనీండి."

ఊడుపుల పుణ్యమా అని ఆ కేక ఉండిపోయింది.

తర్వాత మా వైపు ఆ పాట మోగని పెళ్లి లేదు. మేం ఒళ్లు దగ్గర పెట్టుకుని వాయించినదంతా ఎవరికీ పట్టలేదు గానీ, ఆ కేక కోసం మాత్రం జనం కాచుకుని కూర్చునేవారు. క్యాసెట్ అట్ట మీద మా పేర్లు లేవు. నాకు ఒళ్లు మండేది. బావ నవ్వేవాడు.

"పేరెందుకురా? నా గొంతే ఉన్నాది గదా."

ఈ మధ్య బావకు ముందు పళ్లు ఊడిపోయాయి. క్లారినెట్ ఊదాలంటే పై పళ్ల ఆనిక కావాలి. కట్టుడు పళ్లతో ప్రయత్నించాడు. పళ్లు కదిలాయి గానీ పాట కదల్లేదు. ఇక దాన్ని పెట్టెలో పెట్టేశాడు. అప్పట్నుంచి ఆయనకు మిగిలింది ఆ కేకే. కళింగపట్నంలో మనవరాలి పెళ్లికి కొత్త చొక్కా తొడుక్కుని, మగపెళ్లివాళ్లలో కనబడిన ప్రతివాడికీ చెప్పుకున్నాడు.

"సాయంత్రం మా పాట వస్తాది, ఇనండి. అందులో కేక నాదే."

పెద్దాయన కదా అని వాళ్లు తలూపారు.

డీజే పాట పెట్టాడు. రెండో చరణం అయింది. బావ చెయ్యెత్తాడు. కేక రాలేదు. ఎవరో కొత్తగా మార్చిన పాట అట. ఆ ఖాళీని కీబోర్డుతో పూడ్చేసి, సున్నం కొట్టిన గోడలా నున్నగా చేసేశారు. పెళ్లికొడుకు బాబాయి ముసిముసిగా నవ్వాడు. బావ ఎత్తిన చేత్తోనే తల గోక్కున్నాడు.

నేను ఊరుకునే రకం కాదు. నేరుగా డీజే దగ్గరకు వెళ్లాను.

"ఏటి బాబూ, మా బావని ఎక్కడ పారేసినావు? పాతది పెట్టు."

"తాతా, అది గరగరమంటాది."

"అంటే అననీ. పెట్టకపోతే నీ స్పీకరు మీదే కూకుంటాను."

కూర్చున్నాను కూడా. పాపం, ఫోన్లో వెతికి పెట్టాడు.

గరగరల మధ్య నుంచి బావ క్లారినెట్ వినబడగానే మా అక్క కొంగు బిగించి ముందుకొచ్చింది. రెండో చరణం అయింది. ఈసారి బావ చెయ్యెత్తలేదు. భయం కాబోలు. ఆ చోటు రానే వచ్చింది. మగపెళ్లివారు, ఆడపెళ్లివారు, ఒడ్డున ఆరబెట్టిన చేపలు ఎత్తుకుంటూ ఆగి చూస్తున్న ఆడవాళ్లు, ఆఖరికి పెళ్లికూతురు కూడా ఒక్కసారిగా "హొయ్యా!" అన్నారు.

బావ నా జబ్బ పట్టుకుని ఊపేశాడు. కళ్లలో నీళ్లు, నోటినిండా కట్టుడు పళ్ల నవ్వు.

"ఒరే, సూసినావా? ఇంతమంది అరిసీసినారు. నాది ఇనబడనే నేదురా!"