మగ్గాలు మోగితే చెడిపోయే అక్షరాలు

నీలం నగర్‌లో లారీ దిగేసరికి ఎండ మాడ్చేస్తోంది. తొంభైల మొదటి రోజులు, మార్చి ఆఖరు. షోలాపూర్‌లో గొడవలై కర్ఫ్యూ పెట్టారు. పోలీసులకు తోడుగా ఫౌజు నుంచి మమ్మల్ని పంపారు. సిగ్నల్స్ వాళ్లం నలుగురం: సుబేదారు, ఆపరేటరు, వైర్‌మన్, మెకానిక్‌గా నేను. మాకిచ్చిన చోటు ఒక పవర్‌లూమ్ షెడ్డు పైగది. రేకుల కప్పు. సామాను ఒక వైర్‌లెస్ సెట్టు, ఒక టెలిప్రింటరు, రెంటికీ మధ్య పాతదాని బదులు కొత్తగా వచ్చిన కోడ్ పెట్టె, దానికి వైర్లు కలిపింది మా వైర్‌మనే. కింద మగ్గాలు షెడ్డు యజమాని నర్సయ్యవి, తెలంగాణ నుంచి వలసొచ్చిన నేతపనివాడు. వరండాలో ఆయన భార్య బీడీలు చుట్టేది.

సుబేదారు మొదటి ఆర్డరు: "ఇక్కడ ఎవర్నీ నమ్మొద్దు." నాకు చెప్పక్కర్లేదు. అనుమానం నాకు పుట్టుకతోనే ఉంది, పటాలం దానికి జీతం ఇచ్చింది.

రోజూ మధ్యాహ్నం కాసేపు కర్ఫ్యూ సడలించేవారు. ఆ కాసేపే మగ్గాలు నడిచేవి. సరిగ్గా అప్పుడే మా టెలిప్రింటరు పిచ్చి రాతలు రాసేది.

"ఉస్తాద్, మళ్లీ చెత్త వస్తోంది," అనేవాడు ఆపరేటరు నాతో. మగ్గాలు ఆగితే అక్షరాలు కుదురుకునేవి.

ఒకరోజు మెసేజీలో స్థలం పేరు చదవలేక అశోక్ చౌక్‌కు పోవాల్సిన జవాన్లు దారిలోనే నిలబడిపోయారు. అక్కడ రాళ్లు పడ్డాయి. ఆ రోజే సుబేదారు మెట్ల దగ్గర నర్సయ్యను పట్టుకున్నారు. నర్సయ్య చెయ్యి మా కేబుల్ మీద ఉంది.

"పట్టా గుంజుతదని పక్కకు జరిపిన సాబ్, గంతే," అన్నాడు నర్సయ్య. మగ్గం మోటారు పట్టాకు, అంటే బెల్టుకు, కేబుల్ తగులుతోందని ఆయన మాట.

సుబేదారుకు తెలుగు రాదు. నేను హిందీలో చెప్పాను. "నువ్వు నమ్ముతున్నావా?" అని అడిగారు. లేదన్నాను. నిజంగానే నమ్మలేదు. నర్సయ్యను బస్తాల గదిలో కూర్చోబెట్టి, సాయంత్రం పోలీసులకు అప్పగిస్తామన్నారు. ఆ రోజుల్లో ఫౌజీ సామాను చెడగొట్టాడన్న మాటతో లోపలికి పోయినవాడు ఎప్పుడు బయటికొస్తాడో ఎవరూ చెప్పలేరు. ఆయన భార్య బీడీల చాట పక్కన పెట్టి మెట్ల కింద నిలబడింది. ఏడవలేదు. మమ్మల్ని చూస్తూ ఉంది.

ఏం చెడగొట్టాడో చూపించమంటే పోలీసులకు ఏం చూపిస్తాం? పెట్టె విప్పాను.

లోపల సంగతి ఇంతే. ఒక్కో అక్షరం ఎనిమిది తీగల మీద పక్కపక్కనే పోతుంది. దాన్ని బస్ అంటారు. కోడ్ పెట్టె ఐదు వోల్టుల మీద నడుస్తుంది, టెలిప్రింటరుకు పన్నెండు కావాలి. ఐదును పన్నెండుకు ఎత్తేది లెవల్ షిఫ్టర్. దాని ముందుండే చిప్పు బఫర్. అక్షరాలు లోపలికి పోవాలా, బయటికి రావాలా అన్నది ఆ బఫర్‌కున్న ఒక్క కాలు, అంటే పిన్ను, చెబుతుంది. ఆ కాలు ఎర్త్‌కు గట్టిగా కట్టి ఉండాలి.

ప్రతి కాలికీ వైరు ఉంది. టంకం పెట్టిన అతుకులన్నీ మెరుస్తున్నాయి. షిఫ్టర్ దగ్గర పన్నెండు సరిగ్గా ఉంది. వైర్‌మన్ పనిలో వంక పెట్టడానికి లేదు. కింద మగ్గాలు వేయించమన్నాను. నర్సయ్య తమ్ముడు వేశాడు. అక్షరాలు చెడ్డాయి. మీటరు ఒక మొన ఎర్త్ మీద పెట్టి, రెండోది ఆ కాలికి ఆనించాను. అక్షరాలు కుదిరాయి. తీశాను, చెడ్డాయి. మళ్లీ ఆనించాను, కుదిరాయి. అంటే మీటరు గుండా ఎర్త్ అందితేనే ఆ కాలు కుదురుగా ఉంటోంది.

ఆ కాలి వైరు పట్టుకుని కేబుల్ కట్టలోకి పోయాను. జానెడు దూరంలో ఒక అతుకు. దాని తర్వాత పాత వైరు. దాని కొస టేపు చుట్టుకుని ఏ దిక్కూ లేకుండా వేలాడుతోంది. ఎర్త్ లేని కాలికి అది ఏరియల్ అయింది. కింద మోటార్లు తిరిగినప్పుడల్లా బఫర్ ఎటు తిరగాలో తెలియక అటూ ఇటూ అయ్యేది.

వైర్‌మన్‌ను పిలిచాను. కుర్రాడిది కరీంనగర్ వైపు పద్మశాలీల ఇల్లు. "పాత వైర్లు ఎందుకు పీకలేదురా?"

"మా ఇంట్ల పడుగు అయిపోతె మగ్గం ఉత్తగ జేస్తరా ఉస్తాద్? పాత పోగులు జానెడు ఉంచి కొత్తయి దానికే అతుకుతరు. గట్లైతె ఒక్క పోగు గూడ వరుస తప్పది. నేను గదే జేసిన."

వరుస తప్పలేదు. నిజమే. కానీ ఆ ఒక్క వైరు పాత పెట్టె మీది స్విచ్‌కు పోయేది, ఎర్త్ అక్కణ్నుంచే అందేది. పాత పెట్టె వెనక్కి పంపేశారు.

సుబేదారుకు చెప్పాను. ఆయన వైర్‌మన్ వైపు చూశారు. "వీడూ నేతపనివాళ్ల ఇంటివాడే. కింద వాడితో కలిసి చేశాడేమో?"

నాకు ఒళ్లు మండింది. "తెలుగు నాకూ వచ్చు సాబ్. ఆ లిస్టులో నన్నూ రాసుకోండి," అన్నాను.

ఆయన బస్తాల గది తలుపు వైపు తిరిగారు. తర్వాత, "వదిలేయండి," అన్నారు. క్షమించమని నర్సయ్యను ఎవరమూ అడగలేదు. నేనూ అడగలేదు. ఆ కాలిని ఎర్త్‌కు కట్టి, పాత కొస కోసి పారేశాను. మగ్గాలు మోగాయి. అక్షరాలు సరిగ్గా వచ్చాయి.

మేం ఇంకా కొన్నాళ్లు అక్కడే ఉన్నాం. నర్సయ్య షెడ్డులోకి రావాలంటే మా మెట్ల ముందు నుంచే రావాలి. రెండు చేతులూ ఒంటికి దూరంగా చాచి, అరచేతులు మాకు కనిపించేలా తిప్పి నడిచేవాడు. వయసులో మా నాన్నంత మనిషి. ఒకరోజు ఆగలేక, "అట్ల నడవకు నర్సన్నా," అన్నాను.

"ఉండనీ సాబ్. మీకు చూడనీకె ఆసాన్ ఐతది," అన్నాడు. వెటకారం లేదు. నిజంగానే మా పని సులువు చేస్తున్నట్టు అన్నాడు.

కర్ఫ్యూ ఎత్తేశారు. లారీ ఎక్కాం. ఇంటికొచ్చి పింఛనులో పడి ఇన్నేళ్లయింది. ఇప్పటికీ ఎవరైనా ముసలాయన ఎదురుగా వస్తుంటే నేను ముందు మొహం చూడను, చేతులు చూస్తాను. నర్సయ్య అరచేతులు కనిపిస్తాయి, పోగులు కోసి కోసి సన్నని గీతలు పడ్డవి, ఖాళీగా.