పెట్టని లడ్డు తెచ్చిన లింకులు

ఇప్పపువ్వు లడ్డు అని ఫోన్‌లో వెతికితే ఎక్కడెక్కడి దుకాణాలో వచ్చేవి, మాది తప్ప. చండ్రుగొండ అవతల అడవి పల్లెలో ఆడవాళ్ల సంఘం ఆ లడ్డూలు చేస్తుంది. వాటిని అమ్మే వెబ్‌సైట్ చూసుకునేది నేను. సంఘం పెద్దను నోరారా అక్కా అని పిలుస్తాను.

"ఈ సీజన్ గూడ గిరాకీ రాకుంటే పువ్వంతా సంతల దళారికే పోస్తం చెల్లె. ఆడోళ్లు ఇంక ఆగుతలేరు," అని అక్క ముందే చెప్పేసింది. దళారి చెప్పిందే ధర, వేసిందే తూకం. ఆ మాట విన్నప్పట్నుంచి నాకు అన్నం సయించలేదు.

వేరే మంచి సైట్లు మన సైటుకు లింకు ఇస్తే సెర్చ్‌లో పైకి వస్తామని కోర్సులో నేర్చుకున్నాను. నేర్చుకుని ఏం చేశాను? చుట్టాల మీద పడ్డాను. మన దగ్గర ఏ పనైనా అట్లాగే కదా మొదలవుతుంది! కల్లూరులో బోర్లు వేసే బావ సైట్లో మా లడ్డూల లింకు పెట్టించాను. మా చర్చి పేజీలో, కీర్తనల కింద, ఇంకోటి. బావ ఒకటే నవ్వు: "బోరు ఏసినంక లడ్డు తినాల్నా ఏంది?" మొహమాటానికి ఇచ్చిన లింకులు. వాటిని నొక్కినవాడు లేడు, మా సైటు కదిలిందీ లేదు.

ఇక హైదరాబాద్‌లో తిండి గురించి రాసే ఒకావిడకు మెయిల్ పెట్టాను. ఆమె సైటు చదివేవాళ్లు బోలెడుమంది. వచ్చి రుచి చూడండి, నచ్చితేనే రాయండి అన్నాను. ఆవిడ నిజంగానే కారు వేసుకుని వచ్చేసింది! పువ్వు రాలే రోజులు, ఊరంతా తీపి వాసన. తీరా చూస్తే అక్క లడ్డు పెట్టనంది.

"కొత్త పువ్వు ఇంకా వేల్పుకు పెట్టలే. పండుగ కానిదే మా పిల్లలకే పెట్టం. మేడంకెట్ల పెడ్తం?"

"ఒక్కటక్కా, నీ కాళ్లు మొక్కుతా!"

"మొక్కినా గంతే."

పాత పువ్వు ఎప్పుడో అయిపోయింది. నా ఒళ్లు మండిపోయింది. ఇంటికొచ్చిన అదృష్టాన్ని కాలదన్నుకుంటారా అని అరిచేశాను. అక్క నన్ను పట్టించుకోకుండా మేడంకు నాటుకోడి కూరతో అన్నం పెట్టింది. మేడం ఆమెను ఏవేవో అడుగుతూ సాయంత్రం దాకా అక్కడే కూర్చుంది. నేను ముఖం మాడ్చుకుని ఇల్లు చేరాను.

వారం తిరక్కుండా ఆవిడ రాసింది, తనకు పెట్టని లడ్డు గురించి! కొత్త పువ్వు కోసం ఊరంతా ఎందుకు ఆగుతుందో అక్క మాటల్లోనే చెప్పి, చివర మా సైటు లింకు ఇచ్చింది. అది చదివి ఒక లెక్చరర్ తన పేజీలో ఇచ్చాడు, ఒక పత్రిక సైటు ఇచ్చింది, పోషకాహారం మీద రాసే డాక్టరమ్మ ఇచ్చింది. వాళ్లలో ఎవర్నీ నేను బతిమాలలేదు. ఒక పొద్దున వెతికితే మొదటి పేజీలో మేమున్నాం! నా కేకకు, సత్తుపల్లి గనిలో డ్యూటీ దిగి వచ్చి పడుకున్న మా ఆయన ఉలిక్కిపడి లేచాడు.

"ఏమైందే?"

"దొరికినం!" అన్నాను, ఎగురుతూ.

పండుగయ్యాకే పంపుతామని సైట్లో రాసినా ఆర్డర్లు ఆగలేదు. పండుగ నాడు నా నోట్లో లడ్డు పెట్టిన అక్కను పట్టుకుని ఏడ్చేశాను, సంతోషంతోనే.

తర్వాతి సంతకు ఇద్దరం కలిసి వెళ్లాం. దళారి కాటా ముందేసుకుని కూర్చున్నాడు.

"ఏందక్కా, ఉత్త చేతుల్తోని వచ్చినవ్? పువ్వేది?"

"ఈ ఏడు మాకే సాలుతలేదన్నా," అని అక్క ఎండుచేపల కొట్టు వైపు నడిచింది.