అత్తరు దూది

జహీరాబీ కోసం మూడేళ్లలో మున్సిపల్ ఆఫీసుకు పదకొండు దరఖాస్తులు రాశాను. అన్నింటిలోనూ ఒకటే మాట. తాండూరు పడమటి కొసన, పాత బండల గనిలో పోస్తున్న ఊరి చెత్తను ఇంకోచోటికి మార్చండి, కంపుకు బతకలేకపోతున్నాం. మొదటివి ఉర్దూలో రాశాను. ఉర్దూ చదివే గుమాస్తా బదిలీ అయిపోతే తెలుగులో రాశాను. కంపుకు భాషతో పనేముంది? గుమాస్తాకే కావాలి.

ఆమె భర్త ఆ గనిలోనే బండలు కొట్టి, రాతిదుమ్ముకు దమ్ము పట్టి, ఊపిరాడక పోయాడు. తరువాత గని వట్టిపోయింది. పందొమ్మిది వందల యాభై తొమ్మిదిలో చెత్త బండ్లు రావడం మొదలైంది. గుంతకూ ఆమె గుమ్మానికీ మధ్య ముళ్లకంచె ఒక్కటే అడ్డం. ఆమె బొంతలు కుట్టి బతికేది. కుట్టు ఎంత సన్నగా ఉన్నా, తీసుకున్నవాళ్లు ఒకసారి వాసన చూసి మొహం పక్కకు తిప్పేవాళ్లు.

పన్నెండో దరఖాస్తు నాటికి సంగతి వేరు. పరిగిలో ఇచ్చిన కూతురు షరీఫాకు ఐదో నెల. తొలికాన్పు పుట్టింట్లో జరగాలి. వియ్యపురాలు అష్రఫున్నీసా ఇల్లు చూసిపోదామని వచ్చి, కూర్చున్నంతసేపూ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది. చాయ్ ముట్టలేదు.

"ఆ గుంత పోయినంక తోల్కపో నీ బిడ్డను. గీ గాలిల పసిదాన్ని ఎట్ల ఉంచుతవ్ ఆపా?" అని లేచిందట.

ఆమె చెడ్డ మనిషేం కాదు. అన్నదాంట్లో అబద్ధమూ లేదు.

"అన్నా, నా బిడ్డ కాన్పు నా చేతుల మీద కావాలె. ఇంకేం అడుగుతలేను" అంది జహీరాబీ నా దగ్గర కూర్చుని. అది విని పన్నెండోది కొంచెం కోపంగానే రాశాను.

ఈసారి జవాబు వచ్చింది. అధికారి స్వయంగా వచ్చి చూస్తాడు. కంపు ఉన్నదని ఆయన రాస్తే గుంత మారుతుంది. నేను పరుగున వెళ్లి చెప్పాను.

"పెద్దసారు వస్తున్నడు. జర మర్యాదగ చూస్కో చెల్లె."

ఈ నోరు పడిపోయినా బాగుండేది.

అధికారి అనుకున్న వేళకంటే ముందే వచ్చాడు. నేను వెళ్లేసరికి ఇల్లంతా ఊదు పొగ. జహీరాబీ తెల్లవారినప్పటి నుంచీ మూలమూలనా నిప్పుల మీద ఊదు వేసింది, కంచె దాకా పొగ పట్టింది. వచ్చినాయన ముంజేతికి అత్తరు రాసింది, చెవి మడతలో అత్తరు దూది పెట్టింది. గడపలోకి వచ్చిన మనిషికి వాళ్లింట్లో చేసే మర్యాద అది. ఆయన షర్బత్ తాగుతూ హాయిగా కూర్చున్నాడు.

"సార్, ఆ దూది తీసి ఒక్కసారి గాలి పీల్చండి" అన్నాను.

"ఎందుకయ్యా, పాపం ప్రేమతో పెట్టింది" అని నవ్వాడు. కంచె దాకా నడిచి, గుంతలోకి తొంగిచూసి, జీపెక్కాడు.

పదిహేను రోజులకు కాగితం వచ్చింది. 'తనిఖీ చేయగా దుర్వాసన కనపడలేదు' అని ఉంది. కనపడలేదట! చదివి వినిపించాను. నన్ను తిడుతుందనుకున్నాను, తిడితే బాగుండుననుకున్నాను.

"మరి ఇంటికొచ్చినోన్ని కంపుల కూసోబెట్టాల్నా అన్నా?" అంది.

నాకు ఒక ఉపాయం తోచింది. "గీ కాగితమే పరిగికి తీస్కపో. సర్కారే కంపు లేదన్నదని చూపియ్యి. బిడ్డను పంపుతరు."

ఆమె నన్ను వింతగా చూసింది. "మూడేండ్లు ఉన్నదని నీతోని రాయించి, ఇప్పుడు లేదని నేనే చెప్తనా?"

షరీఫా పరిగిలోనే కన్నది. ఆడపిల్ల. జహీరాబీ మెత్తని పాత చీరలతో కుట్టిన బొంతను నాలుగుసార్లు ఉతికి, మా ఇంటి మిద్దె మీద ఆరేసి, మడతల్లో అత్తరు చల్లి తీసుకుపోయింది. తిరిగొచ్చిన రోజు బస్సు దిగి నేరుగా మా ఇంటికే వచ్చింది.

"పిల్ల మస్తుగున్నది. నాలెక్కనే ముక్కు" అంది.

"బొంత నచ్చిందా?"

"దండెం మీద ఏసిన్రు. తడిసిందా అనడిగిన. లేదు, జర గాలికి ఉండనియ్యి అన్నది మా బిడ్డనే."

వియ్యపురాలు అంటే ఓర్చుకునేది. షరీఫా అంది. జహీరాబీ కొంగును ముక్కు దగ్గరికి తెచ్చుకుని చాలాసేపు వాసన చూసింది.

"నాకైతే తెలుస్తలేదు. నిజం చెప్పు అన్నా, నా దగ్గర గూడ వస్తదా?"

ఆమె నాకు మూరెడు దూరంలో కూర్చుని ఉంది. అత్తరు వాసన, దాని కింద గుంత వాసన, రెండూ వస్తున్నాయి. కంపు లేదని రాసినందుకు ఆ అధికారిని ఎన్ని తిట్లు తిట్టానో నాకే గుర్తులేదు.

"ఏం వస్తలేదు చెల్లె" అన్నాను.