అమ్మమ్మ కుట్టు దాచిన జబ్బు

ప్రపంచంలోని గుండె డాక్టర్లందరినీ వరసగా కూర్చోబెట్టండి. మా అమ్మమ్మ మెడలో టేపు వేసుకుని వస్తే అందరూ లేచి నిలబడాల్సిందే. ఆవిడ చదివింది నాలుగో తరగతి. నేను ఇంకాస్త పైదాకా వెళ్లి ఫెయిలయ్యాను కాబట్టి మా ఇంట్లో పెద్ద చదువు నాదే.

అమ్మమ్మ దర్జీ. వీధివైపు గదిలో ఒక మిషను, ఒక నిలువుటద్దం. గూనివాణ్ణి నిటారుగా, బొజ్జవాణ్ణి సన్నగా చూపించడం ఆవిడ గొప్ప. మామయ్య చొక్కాలన్నీ ఆవిడ చేతివే. మామయ్య దుకాణాలకు బోర్డులు రాస్తాడు. నిచ్చెనతో పనిలేనంత పొడుగు, ఎముకల గూడు, ఛాతీ మధ్యలో గుంట. ఆ గుంట కనబడకుండా ఆవిడ చొక్కా లోపల దూది పెట్టి, మీద లైనింగు వేసేది.

ఒకరోజు పాత పెట్టెలో తాతయ్య చొక్కాల కటింగు కాగితం దొరికింది. సరదాకి అమ్మమ్మ దాన్ని మామయ్య వీపుకి ఆనించింది. భుజం, చేతి పొడవు, అన్నీ అతికినట్టు సరిపోయాయి. తాతయ్య ముప్పయ్యారేళ్లకి కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే, ఛాతీ పట్టుకుని పోయాడు. ఎందుకో ఎవరూ చెప్పలేదు. మామయ్యకి ఇప్పుడు ముప్పయ్యయిదు. అమ్మమ్మ కొడుకుని వెంటబెట్టుకుని డాక్టర్ల దగ్గరికి బయలుదేరింది.

"పొడుగ్గా ఉండటం రోగం కాదమ్మా" అని మొదటి డాక్టరు నవ్వాడు. రెండో ఆయన చొక్కా మీదనుంచే స్టెతస్కోపు ఆనించి, "మీవాడు గుండ్రాయిలా ఉన్నాడు" అన్నాడు. మూడో ఆవిడ తలే ఎత్తలేదు.

బయటికొచ్చాక అమ్మమ్మ కొడుకు మీద విరుచుకుపడింది. "చొక్కా విప్పి చూడండని అనలేవట్రా? నోరు కుట్టేశారా నీకు?"

"డాక్టర్లకి డాక్టరీ నేర్పడానికి నువ్వున్నావుగా అమ్మా!"

నాలుగో ఆస్పత్రిలో అద్దాల తలుపు మీద మామయ్య నీడ పడింది. విశాలమైన ఛాతీ, తిన్నని వీపు, ఏం దర్జా! అమ్మమ్మ తల బాదుకుంది. "వాళ్ల కళ్లకి గంతలు కట్టింది నేనేరా!"

లోపలికి వెళ్తూనే సంచిలోంచి కత్తెర తీసింది. డాక్టరమ్మ కుర్చీ వెనక్కి జరిపింది.

"మీకు కాదు తల్లీ, చొక్కాకి."

దూది నేలరాలింది. ఛాతీలో గుంట చూసి డాక్టరమ్మ ముఖం మారిపోయింది. బొటనవేలు లోపల పెట్టి పిడికిలి బిగించమంది. గోరు చిటికెనవేలిని దాటి అవతలికొచ్చింది. ఒక చేత్తో రెండో చేతి మణికట్టు చుట్టమంటే, బొటనవేలు చిటికెనవేలి మీదికెక్కి కూర్చుంది. చేతులు బార చాపమంటే టేపు అమ్మమ్మే పట్టింది. ఎత్తుకంటే బార అయిదంగుళాలు ఎక్కువ.

"ఈయన నాన్నగారు ఉన్నారా? లేకపోతే, ఎలా పోయారు?" ఇన్నేళ్లలో ఆ మాట అడిగిన మొదటి మనిషి ఆవిడే.

గుండె నుంచి బయలుదేరే పెద్ద రక్తనాళం మొదట్లోనే ఉబ్బిందని స్కానులో తేలింది. చిట్లకముందే దొరికింది. మందులు వాడాలి, బరువులెత్తకూడదు, ఇంకా ఉబ్బితే ఆపరేషను. ఆ పొడుగు, ఆ గుంట, ఈ ఉబ్బు అన్నీ ఒకే జబ్బు, అది వంశంలో దిగుతుంది కాబట్టి రక్తసంబంధీకులంతా చూపించుకోవాలంది డాక్టరమ్మ.

అయినా అమ్మమ్మ కోపం చల్లారలేదు. సగం డాక్టర్ల మీద, సగం తన చేతిపని మీద. మామయ్య చొక్కాలన్నిట్లో దూది పీకిపారేసింది. ఇప్పుడవి కొక్కేనికి తగిలించినట్టు వేలాడుతున్నా ఆయన వాటినే వేసుకు తిరుగుతున్నాడు.

ఇదంతా రాసి ఆవిడకి చదివి వినిపించాను. "ఎలా ఉంది అమ్మమ్మా?"

"రాయడానికి తీరికుంది గానీ స్కానుకి రావడానికి లేదా? మూడుసార్లు ఎగ్గొట్టావు. లే, చెప్పులేసుకో."