నలభై ఎనిమిది కిలోల భక్తి

పోయిన నెల బందరు చిలకలపూడిలో ఆటో దిగి ఒక సందులోంచి నడుస్తుంటే, ఎవరి వాకిట్లోనో రోల్డుగోల్డు నగలు కడుగుతున్న వాసన తగిలింది. కుంకుడు రసమూ ఆసిడూ కలిసిన ఘాటు. ఎవరైనా ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకునే వాసన అది. నేను మాత్రం అక్కడే నిలబడి గుండెల నిండా పీల్చుకున్నాను. అది నాకు సూర్యారావు మాస్టారి చేతుల వాసన. పగలంతా రోల్డుగోల్డు పనిలో ఉండి, సాయంత్రం అయిదింటికి అవే చేతులతో ఆయన మాకు పవర్‌లిఫ్టింగ్ నేర్పేవారు. గోళ్ల చుట్టూ చర్మం ఎప్పుడూ పొక్కిపోయి ఉండేది. నాగాయలంకలో చేపల వేట మీద బతికే ఇంట్లో పుట్టి, డిగ్రీ కోసం బందరు హాస్టల్లో చేరిన నేను, ఒకరోజు మెస్సులోకి గ్యాస్ సిలిండర్ మోసుకెళ్తుంటే చూసి, "ఏమ్మా, ఆ భుజాలని ఊరికే ఎందుకు వదిలేశావు?" అని అడిగింది ఆయనే. రెండువేల సంవత్సరం దాటిన కొత్త అది. ఆడపిల్ల బరువులెత్తడమేమిటని మా వార్డెన్ వారం రోజులు సణిగింది.

ఆయన జిమ్ము అంటే ఒక రేకుల షెడ్డు, రెండు బార్లు, తుప్పు పట్టిన ప్లేట్లు, మూలన ఒక కాటా. లోపలికి అడుగు పెట్టగానే ఆయన అడిగే మొదటి ప్రశ్న "ఏం తిన్నావు?" తిననివాళ్లని బారు ముట్టనిచ్చేవారు కాదు. ఎంత బతిమాలినా అంతే, వెనక్కి పంపించేవారు. ఉపవాసం ఉన్నవాళ్లకి మాత్రమే మినహాయింపు. వాళ్లకి తేలిక బరువులిచ్చి, ఇంకేమీ అడగకుండా వదిలేసేవారు. ఆయన కూడా శనివారాలు ఒంటిపూట ఉండే మనిషి. దేవుడి పేరు చెబితే చాలు, ఆయన నోటికి తాళం పడేది. ఆ సంగతి నేను తొందరగానే కనిపెట్టాను, బాగా వాడుకున్నాను.

మా పోటీల్లో ఎవరి ఒంటి బరువుని బట్టి వాళ్ల తరగతి ఉంటుంది. నేను నలభై ఎనిమిది కిలోల తరగతి. ముందు ఏడాది అందులో నన్ను ఓడించిన అమ్మాయి పెళ్లయి వెళ్లిపోయింది కాబట్టి, ఈసారి నాకు ఎదురు లేదు. గుడివాడలో జరిగే జిల్లా పోటీల్లో ఫస్టు వస్తేనే స్టేట్‌కి పంపుతారు. స్టేట్‌లో మెడల్ వస్తే స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకోవచ్చు. మా ఇంట్లో అప్పటిదాకా నెల జీతం ముఖం చూసినవాళ్లు లేరు. నాకు రాత్రీ పగలూ అదే ధ్యాస. చిక్కల్లా ఒక్కటే, నా ఒళ్లు పెరుగుతోంది. పై తరగతి యాభై రెండు. అక్కడ గుడివాడ రాజేశ్వరి ఉంది. ఆ అమ్మాయి ఎత్తే బరువులు నాకు అందేవి కావు. అందుకని శ్రావణమాసంలో శుక్రవారాల ఉపవాసంతో మొదలుపెట్టాను. తర్వాత శనివారాలు కలిపాను. కార్తీకం వచ్చేసరికి సోమవారాలు కూడా చేరాయి. నా భక్తి చూసి సణిగిన వార్డెనే మురిసిపోయి, మిగతా పిల్లలకి నన్ను చూపించి బుద్ధులు చెప్పేది. మాస్టారు మాత్రం నా ముఖం కేసి ఒక క్షణం చూసి, "సరేనమ్మా" అని తేలిక ప్లేట్లు తగిలించేవారు.

పోటీలు తొమ్మిది రోజుల్లో ఉన్నాయనగా, ఒక సోమవారం సాయంత్రం మా అమ్మ చెప్పా పెట్టకుండా షెడ్డుకే వచ్చేసింది. చేతిలో కారియర్. మూత తియ్యకముందే చేపల పులుసు వాసన షెడ్డంతా కమ్మేసింది. మాస్టారు లేచి కుర్చీ వేసి, "కూర్చోండమ్మా. అమ్మాయికి ఇవాళ సోమవారం ఉపవాసం కదా, రేపు తింటుందిలెండి" అన్నారు.

"ఉపవాసమా? ఎవరికండీ, దీనికా?" అమ్మ నవ్వేసింది. "మా ఇంట్లో సోమవారాలూ శనివారాలూ ఎవరు చూస్తారండీ? చేప ముక్క లేందే ముద్ద దిగదు దీనికి. ఏమే, ఎప్పట్నుంచే ఈ భక్తి?"

షెడ్డులో అందరూ నవ్వారు, మాస్టారు తప్ప. నాకు భూమిలోకి కుంగిపోతే బాగుండుననిపించింది. ఆయన కోప్పడతారేమోనని చూశాను. ఆయన వెళ్లి కాటా దగ్గర నిలబడ్డారు. నేను ఎక్కాను. నలభై తొమ్మిదిన్నర. అమ్మ బస్సుకి వెళ్లిపోయాక ఆయన ఎంట్రీ ఫారం తెచ్చి, తరగతి రాసే గడి ఖాళీగా వదిలి, మిగతావన్నీ నింపారు.

"నన్నడిగితే యాభై రెండంటాను. కానీ ఎత్తేది నువ్వు. నువ్వే రాయి."

నేను నలభై ఎనిమిది అని రాశాను. పెన్ను గట్టిగా ఒత్తి మరీ రాశాను. ఆయన కింద సంతకం పెట్టారు. తిట్టి ఉంటే ఎదురు తిరిగేదాన్ని. ఆ సంతకం చూసి తొమ్మిది రోజులూ నాకు నిద్ర పట్టలేదు.

గుడివాడలో పోటీ ఒక కాలేజీ హాల్లో. పొద్దున్నే తూకం గదిలో కాటా ఎక్కితే రెండు వందల గ్రాములు ఎక్కువ చూపించింది. తూకం ముగియడానికి ఇంకా అరగంట ఉందని, ఈలోగా తగ్గి రమ్మని తూకం చూస్తున్న మేడం చెప్పింది. రెండు స్వెట్టర్లు తొడుక్కుని మెట్లెక్కాను, దిగాను. ఒంట్లో నీరు తగ్గాలని ఉమ్మి ఉమ్మి నోరు పిడచకట్టుకుపోయింది. మా జట్టు పిల్ల ఒకతె, "జడ కోసేస్తే సరిపోతుంది కదే!" అని ఫస్ట్ ఎయిడ్ పెట్టెలోంచి కత్తెర తెచ్చి చేతిలో పెట్టింది. నడుం దాకా ఉండే జుట్టు నాది. కొయ్యడానికి నేను సిద్ధమే. ముందు నోరు పుక్కిలించుకుందామని నీళ్ల సీసా అందుకున్నాను. మూత రాలేదు. రెండుసార్లు తిప్పాను, స్వెట్టరు అంచుతో పట్టి తిప్పినా కదల్లేదు. మాస్టారు మెట్ల కింద నిలబడి చూస్తున్నారు. పైకొచ్చి, సీసా తీసుకుని, మూత తీసి నా చేతికిచ్చారు.

"ఏం తిన్నావమ్మా?"

"నిన్న పొద్దుట్నుంచి ఏమీ లేదండీ." మూడు నెలల్లో ఆయనకి నేను చెప్పిన మొదటి నిజం అది. ఏడుపు తన్నుకొచ్చింది.

"కాసేపట్లో తొంభై కిలోలు భుజాల మీద పెట్టుకుంటావు. నీ వెనక నేనుంటాను. కళ్లు తిరిగితే పట్టుకుంటాను. పట్టుకోలేకపోతేనో?"

"రాజేశ్వరి ముందు నిలబడలేనండీ."

"నిలబడలేవు. ఈ ఏడు నిలబడలేవు" అన్నారాయన. ఓదార్చడానికైనా అబద్ధం చెప్పలేదు.

"మరి ఉద్యోగం?"

"అది నేను చెప్పలేనమ్మా. పై తరగతికి మారాలంటే తూకం అయ్యేలోగా మారొచ్చట, మేడంని అడిగాను. ఇంకా పది నిమిషాలుంది. ఫారం నీది, కత్తెర నీ చేతిలోనే ఉంది. ఏది చేసినా నేను వెనకే ఉంటాను."

కత్తెర మెట్టు మీద పెట్టి లోపలికి వెళ్లాను. మేడంని పెన్ను అడిగాను. నలభై ఎనిమిది కొట్టేసి పక్కన యాభై రెండు రాశాను. బయటికొచ్చేసరికి మాస్టారు ఎక్కడినుంచో ఇడ్లీ పొట్లం తెచ్చి విప్పి ఉంచారు. అయిదు తిన్నాను. ఆ రోజు తొంభై అయిదు కిలోలు భుజాల మీద పెట్టుకుని కూర్చుని లేచే స్క్వాట్ చేశాను, అంతకుముందెన్నడూ చెయ్యలేదు. రాజేశ్వరి నూట పది చేసింది. నేను సెకండ్. నలభై ఎనిమిదిలో ఫస్టు వచ్చిన అమ్మాయి మూడు రకాల ఎత్తుళ్లూ కలిపి నాకంటే పాతిక కిలోలు తక్కువ ఎత్తి స్టేట్‌కి వెళ్లింది.

బందరు బస్సులో ఆయన పక్కనే కూర్చుని, దారి పొడవునా ఆ పాతిక కిలోలే లెక్కపెట్టుకున్నాను. దిగగానే ఎస్టీడీ బూత్ నుంచి మా వీధి కిరాణా కొట్టుకి ఫోన్ చేసి అమ్మని పిలిపించి, "మాస్టారే మార్పించారమ్మా, లేకపోతే ఫస్టు వచ్చేదాన్ని" అన్నాను. ఎంత తేలిగ్గా వచ్చేసిందో ఆ మాట. ఆ వారంలోనే అమ్మ షెడ్డుకొచ్చి, పిల్లలందరి ముందూ ఆయన్ని నిలబెట్టి కడిగేసింది. "నోటి దగ్గరి కూడు తన్నేశారు కదండీ! దాని బతుకుతో మీకేం ఆటలండీ?" నేను ప్లేటు పట్టుకుని అక్కడే నిలబడి ఉన్నాను. మాస్టారు ఒకసారి నాకేసి చూశారు. "నాదే పొరపాటమ్మా" అన్నారు. అమ్మ వెళ్లాక, "రా, బారు ఖాళీగా ఉంది" అన్నారు. ఆ తర్వాత ఎన్నడూ ఆ ఊసెత్తలేదు.

మరుసటి ఏడాది యాభై రెండులోనే రాజేశ్వరిని దాటి స్టేట్‌కి వెళ్లాను, మెడల్ వచ్చింది, ఉద్యోగమూ వచ్చింది. అమ్మ ఊరంతా నా కష్టమని చెప్పుకుంది. మాస్టారు పోయి ఆరేళ్లయింది. ఆయన పేరొస్తే అమ్మ ఇప్పటికీ, "మంచాయనే గానీ, నీకు ఒక ఏడాది పాడుచేశాడు" అంటుంది. నేను కూర మీదకో వాన మీదకో మాట మళ్లిస్తాను. ఎన్ని కిలోలు ఎత్తానో లెక్క చెప్పగలను గానీ, ఆ ఒక్క మాట ఇన్నేళ్లుగా ఎత్తలేకపోయాను. ఇదుగో, ఇప్పుడు రాశాను. ఫారం మార్చింది నేనే. అమ్మకి చదువు రాదు. ఇది అచ్చయ్యాక నాగాయలంక వెళ్లి, ఆమె పక్కన కూర్చుని నేనే చదివి వినిపించాలి. ఈ చోటు వచ్చినప్పుడు గొంతు తగ్గించకుండా చదవాలి.