అత్త కొలిచిన గోడ పగులు

తప్పు నాదే. ముందే ఒప్పేసుకుంటే తిట్లు తగ్గుతాయని ఆశ.

మా మేనత్త లేత్ మెషిన్ మీద ఇనుప కడ్డీలు చెక్కి, నీళ్ల పంపులకి షాఫ్టులు చేస్తుంది. ఇరవై రెండేళ్లుగా అదే అద్దె షెడ్డు. పడమటి గోడ మీద పగులు కనిపించగానే, మెషిన్ అదురుకే గోడ చీలుతోందని షెడ్డు యజమాని గొణగడం మొదలుపెట్టాడు. నేను ఊరుకోవచ్చు కదా! వీడియోలు చూసి నేర్చుకున్న విద్య, దురద పెట్టింది. నా చిన్న కంట్రోలర్ బోర్డుకి శబ్దంతో దూరం కొలిచే సెన్సర్ తగిలించి పగులు పక్కన బిగించాను. మూడు మిల్లీమీటర్లు కదిలిందని సాక్షాత్తూ ఆ యజమానికే ఫోన్‌లో చూపించాను. నెలాఖరుకి ఖాళీ చెయ్యమన్నాడు. గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చిన ఘనత నాది.

అత్త నన్ను కొట్టలేదు. సెన్సర్‌ని బల్ల మీద పెట్టి, ఎదురుగా ఒక ఇనుప దిమ్మ పెట్టి, పది నిమిషాలు చూసింది. రెండూ కదలకుండానే అంకె మూడు మిల్లీమీటర్లు గెంతుతోంది.

"కట్టెల కాటాలో బంగారం తూచావురా."

ఆవిడ వేలికొనతో తడిమి మిల్లీమీటరులో వందో వంతు తేడా పట్టేస్తుంది. నా సెన్సర్ల డబ్బా బోర్లించి ఒక్కోదానికీ పెళ్లిచూపులు మొదలుపెట్టింది. లేజర్ సెన్సర్‌కి మిల్లీమీటరు కన్నా చిన్నది ఆనలేదు, తప్పింది. చివరికి అయస్కాంతం ఎంత దగ్గరుందో పసిగట్టే హాల్ సెన్సర్ నచ్చింది. అయస్కాంతానికీ దానికీ మధ్య సందుని కాగితంకన్నా పల్చటి ఉక్కు రేకులతో కొంచెం కొంచెంగా పెంచింది. ప్రతి రేకుకీ అంకె బుద్ధిగా మారింది, రేకు తీస్తే వెనక్కొచ్చింది.

నేను దాన్ని గోడకి అంటించబోతే ఆపింది. ఎండకి గోడే కాదు, సెన్సర్ కూడా మారుతుందేమో అంది. అలాంటి జతే ఇంకోటి పగులు లేని చోట పెట్టించింది. దాని అంకె ఎంత మారితే, మొదటిదాంట్లోంచి అంత తీసెయ్యాలట. నాకు ఏ వీడియోలోనూ ఎవడూ చెప్పలేదు.

ఆదివారం మెషిన్ ఆపి కొలిచాం, సోమవారం నడిపి కొలిచాం. ఆ అంకెలతో ఫోన్‌లో గీసిన రెండు గీతలూ కవల పిల్లలే. పొద్దున పగులు తెరుచుకుంటోంది, పడమటెండ తగలగానే మూసుకుంటోంది. అంతా కలిపి మిల్లీమీటరులో పదో వంతు.

యజమాని నమ్మలేదు. మధ్యలో నేనున్నానుగా. అత్త ఆయన్నే మెషిన్ స్విచ్ దగ్గర నిలబెట్టింది.

"మీకు తోచినప్పుడు వెయ్యండి అన్నయ్యగారూ. అంకె కదిలితే నెలాఖరుదాకా ఎందుకు, రేపే పోతాను."

ఆయన వేశాడు, ఆపాడు, మళ్లీ వేశాడు. మెషిన్ గర్జించింది, అంకె నిద్రపోయింది. ఆయన పడమటెండకి కాగిన గోడ మీద అరచెయ్యి ఆనించి, కాలి, తీసేశాడు. ఆ గోడకి ఎండ తగలకుండా రేకు పందిరి తనే వేయిస్తానన్నాడు. ఖాళీ మాట మళ్లీ ఎత్తలేదు.

ఆయన గుమ్మం దాటగానే నేను చొక్కా కాలరెగరేసి, ఈ గెలుపులో సగం నాదేనన్నాను.

అత్త చేతులు తుడుచుకుంటూ అంది: "నీ వాటా కొలవాలంటే ఇంకా చిన్నవి కొలిచే సెన్సర్ కావాలిరా."